బండెవరిది?

కారు కింద పడుకోవడం మాకు కొత్త కాదు. కార్లో కూర్చోవడమే కొత్త.

సూర్యాపేటలో విజయవాడ రోడ్డు పక్కన మా అబ్బా షెడ్డు. నాలుగు కర్రలు, పైన రేకులు, కింద ఇంజన్ ఆయిలు తాగి తాగి నల్లబడ్డ నేల. మేం నడక నేర్చింది ఆ నేల మీదే. అ ఆలు బళ్ళో నేర్చుకున్నాం. అలిఫ్ బేలు మస్జిదులో నేర్చుకున్నాం. పానాల నంబర్లు షెడ్డులో నేర్చుకున్నాం. మూడింట్లో ముందుగా అన్నం పెట్టింది పానాలే. అంబాసిడర్లు, ఫియట్లు, మెటాడోర్లు, తర్వాత మారుతీలు, మా చేతుల మీదుగా పోని బండి లేదు. బాగుచేసి, తుడిచి, ఓనరు చేతికి తాళాలిచ్చి, సలాం కొట్టి పక్కకు జరగడం. కారుతో మా చుట్టరికం అంతవరకే.

అలాంటి మేం ఈమధ్య ఒక బెంజ్ కారు కొందామా వద్దా అని మూడు వారాలు ఇంట్లో కొట్టుకున్నాం.

నవ్వకండి. కొత్తది కాదు. 2014 మోడలు, డీజిలు, ఢిల్లీ నంబరు. పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు ఢిల్లీలో తిరగొద్దని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అన్నది. 2018లో సుప్రీంకోర్టు ఆ మాటనే నిలబెట్టింది. ఆ తర్వాత ఆంక్షలు సడలినా బిగిసినా, అక్కడి పెద్దోళ్ళు గడువు దగ్గర పడకముందే పెద్ద బండ్లను వదిలించుకోవడం మరిగారు. అక్కడ వదిలించుకున్నవి ఎన్‌ఓసీ కాగితాలతో మన వైపు వస్తాయి. కొత్తగా ఉన్నప్పుడు 40 లక్షలు దాటిన బండి హైదరాబాదులో ఒక డీలరు దగ్గర 9 లక్షలకు నిలబడి ఉంది.

మేం అంటే ఎవరో చెప్పాలి. షెడ్డు నడుపుతున్న పెద్దన్న, సర్కారు బళ్ళో పంతులమ్మ అయిన ఆపా, హైదరాబాదులో కంప్యూటర్ల ముందు కూర్చునే చిన్నోడు, ఈ నాలుగు ముక్కలు రాస్తున్న మధ్యవాడు. ఇంకా అమ్మీ, భాభీ. అందరి మధ్య ఏమీ మాట్లాడకుండా కూర్చున్న అబ్బా. ఆయనకు డెబ్భై దాటాయి.

బెంజ్ ఆలోచన చిన్నోడిది. దాని వెనక ఒక కథ ఉంది. షెడ్డు పెట్టకముందు అబ్బా ఒక రైసుమిల్లు సేటు దగ్గర పదకొండేళ్ళు డ్రైవరు. ఆ పదకొండేళ్ళలో వెనక సీటు మీద రోజూ గుడ్డ పెట్టి తుడిచాడే గానీ ఒక్కసారీ కూర్చోలేదు. సేటు కూర్చోవద్దని అన్నాడని కాదు. అనాల్సిన అవసరమే రాలేదు. ఇప్పటికీ అబ్బా ఆటో ఎక్కితే డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుంటాడు. చిన్నోడు క్యాబు పిలిస్తే కాళ్ళు ముందు తలుపు దగ్గరికే పోతాయి. "ఒక్కసారి అబ్బా పెద్ద బండిలో వెనక సీట్లో కూర్చోవాలె" అన్నాడు చిన్నోడు. అంతే. ఆశ అంత చిన్నది. బండే పెద్దది.

కారు కొనేవాడు ముందు ఏం అడుగుతాడు? మైలేజీ ఎంత, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంత మంది చేతులు మారింది. మా ఇంట్లో ఇవన్నీ తర్వాత వచ్చాయి. మొదట వచ్చింది అమ్మీ ప్రశ్న: "లోగ్ క్యా కహేంగే?"

లోగ్ ఏమంటారో మాకు తెలుసు. చిన్నప్పట్నుంచి వింటూనే ఉన్నాం. మేం షెడ్డులో ఉంటే పంచర్లోళ్ళం. చదువు అబ్బదు, మారరు, ఇంతే వీళ్ళు. అదే మేం బెంజ్‌లో దిగితే? దుబాయ్ సొమ్ము. హవాలా. ఎక్కడో ఏదో ఉంది. పేదగా ఉంటే వెనకబాటు మా తప్పు. కాస్త బాగుంటే బాగుపడటం మా తప్పు. 2005లో వేసిన సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదికలో ఈ సంగతే రాసింది. ఒక చెంప దేశద్రోహులన్న నింద, ఇంకో చెంప బుజ్జగింపులు పొందుతున్నారన్న నింద, రెండు బరువులూ ఒకే నెత్తి మీద మోస్తున్నారని. ఆ నివేదిక రాకముందు కూడా ఆ బరువు మా నెత్తికి తెలుసు. రాసినాక మీకూ తెలిసింది, అంతే తేడా.

ఇంకో మాట కూడా అంటారు. "నవాబులు కదా, షోకులు పోవు." ఈ మాట నవ్వుతూ అంటారు, ప్రేమగా కూడా అంటారు. అయినా మాకు ఎక్కువ మండేది దీనికే. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. నిజాం కోసం తయారైన బండి. మేం కూడా మీలాగే టికెట్టు కొనుక్కుని, తాడుకు ఇవతల నిలబడి చూశాం. అది మా తాత బండి కాదు. మా తాత దూది ఏకాడు. ఆయన తండ్రీ దూదే ఏకాడు. పరుపులు కుట్టిన చేతులు మావి, వాటి మీద పడుకున్న ఒళ్ళు మావి కావు. నవాబుల ఆస్తిలో మాకు వాటా రాలేదు. వాళ్ళ మీది కోపంలో మాత్రం వాటా వచ్చింది.

ఇవన్నీ బయటివాళ్ళ మాటలు. లోపలి మాటలు చెప్పకపోతే ఇది నిజాయితీ లేని రాత అవుతుంది.

మా బిరాదరీలో కారుకున్న అర్థం వేరు. దూదేకులోళ్ళంటే సయ్యదులు, షేకులు పెదవి విరుస్తారు. మస్జిదులో ఒకే సఫ్‌లో భుజానికి భుజం ఆనించి నిలబడతాం గానీ సంబంధాల దగ్గరికి వచ్చేసరికి ఆ సఫ్ చెదిరిపోతుంది. అన్న కూతురికి సంబంధాలు చూస్తున్నాం. "ఇంటి ముందు బెంజ్ నిలబడితే వచ్చేవాళ్ళ లెక్క మారుతుంది" అని ఒక బంధువు సలహా ఇచ్చాడు. నిజమే. బండి చూసి వచ్చేవాడు బండి అడుగుతాడు కూడా. ఇంటి ముందు బెంజ్ పెట్టి జహేజ్ ఇవ్వమంటే ఎవడు నమ్ముతాడు? జహేజ్ మన మజ్‌హబ్‌లో లేదని జుమా బయాన్లలో చెప్తారు, శాదీఖానాల ముందు రిబ్బను కట్టిన కార్లు నిలబెడతారు. కొత్త బండి కొనలేనివాడు పాత బెంజ్ కొని రంగు వేయించి ఇస్తున్నాడు. ఆ రంగు వేసిన షెడ్లలో మా షెడ్డు కూడా ఉంది.

ఇక దీన్ మాట. అన్న నమాజీ మనిషి. ఇస్రాఫ్, అంటే దుబారా, హరామ్ అన్నాడు. పిసినారితనానికీ దుబారాకీ నడుమ ఉండాలని ఖురాన్ చెప్తుంది, తన ఖజానా చూసుకుని మిడిసిపడ్డ ఖారూన్ ఏమయ్యాడో కూడా చెప్తుంది. చిన్నోడు ఊరుకోలేదు. అల్లా ఇచ్చిన నేమత్ బందా మీద కనబడితే అల్లాకు ఇష్టమన్న మాట హదీసుల్లో లేదా అన్నాడు. మంచి బట్ట కట్టుకోవడం తకబ్బుర్ కాదని, తోటి మనుషుల్ని చిన్నచూపు చూడటమే తకబ్బుర్ అని రసూల్ చెప్పలేదా అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఏది ఎవరికి వర్తిస్తుందో కితాబు చూసి చెప్పలేం. మనిషి లోపలికి చూడాలి.

అన్న దగ్గర ఇంకో పెద్ద అడ్డం ఉంది. మేం పోగేసింది 6.5 లక్షలు. మిగతా 2.5 లక్షలకు, ఢిల్లీ బండికి ఇక్కడ కట్టాల్సిన జీవితకాల పన్నుకు బ్యాంకు అప్పు తీసుకోవాలి. అంటే సూద్. అబ్బా జీవితంలో వడ్డీ కట్టలేదు. అది ఈమాన్ అని మేం గొప్పగా చెప్పుకుంటాం. కానీ అసలు ఆయనకు అప్పు ఇచ్చిన బ్యాంకు ఏది? కొన్ని బ్యాంకులు ముస్లిములు ఎక్కువగా ఉండే ప్రాంతాల్ని అప్పులివ్వడానికి పనికిరాని ప్రాంతాలుగా గుర్తుపెట్టుకున్నాయని సచార్ కమిటీయే రాసింది. దొరకని దాన్ని వద్దనుకోవడం పరహేజ్ అవుతుందా? ఇప్పుడు చిన్నోడి జీతం స్లిప్పు చూసి ఫోన్లు చేసి మరీ ఇస్తామంటున్నారు. వద్దనడానికి ఇప్పుడే మాకు మొదటిసారి అవకాశం వచ్చింది.

ఇంత వాదన జరుగుతుంటే బండిని చూసింది మాత్రం అన్న, అబ్బా. ఆ చూడటమే వేరు. ఇంజన్ చల్లగా ఉండగా స్టార్టు చేయించారు. వేడి ఇంజన్ నిజం చెప్పదు. మీటరు అంకె చూడలేదు. బ్రేకు పెడలు రబ్బరు చూశారు, స్టీరింగు నునుపు చూశారు, డ్రైవరు సీటు అంచు చూశారు. మీటరును వెనక్కి తిప్పొచ్చు, అరిగిన రబ్బరును తిప్పలేరు. సీటు బెల్టును చివరిదాకా గుంజి చూశారు. వరదలో మునిగిన బండైతే లోపలి చుట్టలో బురద చార కనిపిస్తుంది. డోర్ల అంచుల్లో వేలు పెట్టి రంగు చూశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. డీలరు కూడా ఉన్న సంగతి ఉన్నట్టే చెప్పాడు. పైన ఎండిన ధాన్యం పెట్టి కింద తడి ధాన్యం దాచిన వ్యాపారిని రసూల్ ఎలా నిలదీశారో అన్న షెడ్డులో కుర్రాళ్ళకు చెప్తుంటాడు. ఈ బండిలో తడి ధాన్యం దొరకలేదు.

అయినా అన్న ఒక మాట చెప్పాడు. "బండి రేటు పడిపోతది, పార్టు రేటు పడిపోదు." పెద్ద బండి చవగ్గా దొరకడంలో కిటుకు అదే. 9 లక్షలకు కొన్నా, దానికి వేసే ఇంజెక్టరు 40 లక్షల బండి ఇంజెక్టరే. గేరుబాక్సూ అంతే, ఎలక్ట్రానిక్ డబ్బాలూ అంతే. పైగా అందులో సగం పనులు మా పానాలతో అయ్యేవి కావు, కంప్యూటరు తగిలించాలి. మూడు తరాల పనితనం ఉన్న మేం మా సొంత బండిని ఇంకొకడి షెడ్డులో పెట్టి బయట బెంచీ మీద కూర్చోవాలి.

చివరికి ట్రయలుకు తీసుకుపోయాం. చిన్నోడు నడిపాడు. పక్కన డీలరు మనిషి. అబ్బాను బలవంతంగా వెనక కూర్చోబెట్టాం. ఆయన సీటుకు ఆనుకోలేదు. అంచు మీద కూర్చుని, ముందు సీటును పట్టుకుని, దారి చూస్తున్నాడు, తనే నడుపుతున్నట్టు.

ఊరు దాటే దగ్గర కాగితాల తనిఖీ. ఢిల్లీ నంబరు బండిని ఆపడంలో తప్పు లేదు, మేమైనా ఆపుతాం. కానిస్టేబుల్ చిన్నోడి వంక చూశాడు. జీన్సు, నున్నటి గడ్డం. తర్వాత అద్దంలోంచి వెనక్కి చూశాడు. టోపీ, తెల్ల గడ్డం.

"బండెవరిది?"

మేం నోరు తెరిచేలోపే అబ్బా అన్నాడు. "సేటుది సార్. మేం మెకానిక్‌లం."

"సరే పో చాచా" అన్నాడు కానిస్టేబుల్.

అంతే జరిగింది. తిట్టలేదు, దించలేదు, చాచా అని పిలిచాడు. అబ్బా చెప్పింది అబద్ధం కూడా కాదు. బండి డీలరుదే. మేం మెకానిక్‌లమే. కానీ కార్లో ఎవరం మాట్లాడలేకపోయాం. రెండు కిలోమీటర్లు పోయాక చిన్నోడు పక్కకు ఆపి అన్నాడు: "ఈ బండి కొంటున్నం. ఇయ్యాల్నే." అన్న అన్నాడు: "కోపంతోని కొన్న బండి ఎన్ని రోజులు నడుపుతవ్?"

ఆ రాత్రి ఆపా ఒక పని చేసింది. తెల్లకాగితం మీద గీత గీసి, ఒక వైపు 'కొనాలి', ఒక వైపు 'వద్దు' అని రాసి, అందరి కారణాలూ రాయించింది. తర్వాత ఒక్కో కారణాన్ని అడిగింది: "మన పేర్లు వేరే అయ్యుంటే ఈ కారణం నిలబడేదా?"

చాలా కారణాలు పడిపోయాయి. 'దుబాయ్ సొమ్ము అంటారు' పడిపోయింది. 'నవాబులంటారు' పడిపోయింది. రోడ్డు మీద ప్రతి చోటా ఆపుతారేమో అన్నది పడిపోయింది. మొదటి వైపున 'ఆ కానిస్టేబుల్‌కు జవాబు చెప్పాలి' అన్నది కూడా పడిపోయింది. పార్టుల రేటు నిలబడింది. అబ్బా వెనక సీటు నిలబడింది.

అప్పుడు అన్న అడిగాడు. "మరి సూద్? మన పేర్లు వేరే అయితే సూద్ ముచ్చట రాకపోతుండె. దాన్ని కూడా కొట్టేస్తవా?"

ఆపా చాలాసేపు ఆలోచించింది. మేం అందరం ఆలోచించాం. భయమూ మా పేరు వల్లే వచ్చింది, సూద్ వద్దన్న పట్టింపూ మా పేరు వల్లే వచ్చింది. కానీ రెండూ ఒకటి కావు. ఒకటి ఎదుటివాడు మా పేరుకు తగిలించింది. ఇంకొకటి మా పేరులో మేం పెట్టుకున్నది. పేరు మార్చి చూస్తే రెండూ పోతాయి. కాబట్టి ఆపా అడిగిన ప్రశ్నే సరైంది కాదు. ఆమె దాన్ని కొట్టేసి కొత్తది రాసింది: "ఎవరూ చూడకపోతే ఈ కారణం నిలబడుతుందా?"

ఈసారి లెక్క వేరుగా వచ్చింది. ఎవరూ చూడకపోయినా సూద్ సూదే, నిలబడింది. దుబారా దుబారానే, నిలబడింది. పార్టుల రేటు నిలబడింది. లోగ్ క్యా కహేంగే పడిపోయింది. సంబంధాల ముందు గొప్ప పడిపోయింది. మన పనులన్నీ నీయత్ మీదే ఆధారపడి ఉంటాయని చిన్నప్పుడు మౌల్వీసాబ్ నేర్పిన మొదటి హదీసు అప్పుడు గుర్తొచ్చింది. ఎవరి కోసం చేస్తున్నావన్నదే అసలు ప్రశ్న. చూపించుకోవడానికి కొనడం రియా, అది తప్పని అందరూ చెప్తారు. చూస్తారని భయపడి కొనకపోవడం కూడా ఆ చూపు ముందు వంగడమేనని మాకెవరూ చెప్పలేదు. మా సాదాతనాన్ని ఎంతోమంది మెచ్చుకున్నారు. అందులో ఎంత తఖ్వా, ఎంత భయం అని ఎవరూ తూచి చూడలేదు. మేమూ చూసుకోలేదు.

చిన్నోడు ఒక ప్రశ్న వేశాడు. "ఎవరూ చూడని జాగా మనకు ఏడుందక్కా?" కోపంలో వాడు తెలుగులోకి వచ్చేస్తాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. 2007 మే 18న మక్కా మస్జిదులో బాంబు పేలినప్పుడు చనిపోయింది నమాజుకు పోయినవాళ్ళు. తర్వాత పోలీసులు పట్టుకుపోయింది కూడా మా కుర్రాళ్ళనే. కోర్టులు వాళ్ళు నిర్దోషులన్నాయి. వాళ్ళ పేర్ల మీద పడ్డ చూపును ఏ కోర్టూ వెనక్కి తీసుకోలేకపోయింది. చూపు లేని జాగా మాకు ఎవరూ ఇవ్వరు. ఒక తెల్లకాగితం మీదనైనా, ఒక రాత్రికైనా మేమే చేసుకోవాలి.

అందుకే ఒక నియమం పెట్టుకున్నాం. 'వద్దు' వైపు అన్నీ కొట్టేశాక భయం ఒక్కటే మిగిలితే బండి కొనాలి. 'కొనాలి' వైపు కోపం ఒక్కటే మిగిలితే కొనొద్దు.

భయం ఒక్కటే మిగలలేదు. సూద్ మిగిలింది, పార్టుల రేటు మిగిలింది. కొనాలి వైపు అబ్బా వెనక సీటు మిగిలింది. అప్పటిదాకా రొట్టెలు చేస్తున్న భాభీ వచ్చి, "ఆ సీటు కోసం ఆ బండే కావాల్నా?" అంది. "అందరు మొగోళ్ళు బండి ముచ్చటే చెప్తున్నరు. నడిపేదెవరు? మేం ఆస్పత్రికి పోవాలంటే ఎవరు తీసుకపోతరు? ఆపా ఇరవై కిలోమీటర్లు బస్సుల నిలబడి బడికి పోతది, అది ఏ కాగితంల రాసిండ్రు?"

ఎక్కడా రాయలేదు. మేం మైనారిటీలం అని మాకు చాలా బాగా తెలుసు. మా ఇంట్లో మాట చెల్లనివాళ్ళు ఉన్నారన్నది మాత్రం చివర్లో, రొట్టెలు చేసే చోటు నుంచి వినబడింది.

బెంజ్ కొనలేదు. ఆరేళ్ళ పాత వ్యాగనార్ కొన్నాం. రొక్కం ఇచ్చాం, అప్పు లేదు. ఆర్సీ ఆపా పేరు మీద ఉంది. డ్రైవింగు అబ్బాయే నేర్పుతున్నాడు. అందుకని ఇప్పటికీ ముందు సీట్లోనే కూర్చుంటున్నాడు. క్లచ్చు మీద కాలు పెట్టుకుని కూర్చోవద్దని రోజూ తిడుతున్నాడు. వెనక సీటు ఇంకా బాకీ ఉంది. అది బండి మారితే తీరే బాకీ కాదని ఇప్పుడు అనిపిస్తోంది. పదకొండేళ్ళ అలవాటు ఆయన కాళ్ళలో ఉంది, బండిలో లేదు.

ఒక అనుమానం మాత్రం మాలో మిగిలిపోయింది. పార్టుల రేటు లెక్క నిజంగా లెక్కేనా, లేక భయమే లెక్క వేషం వేసుకుందా? అన్న లెక్కే అంటాడు. చిన్నోడు వేషం అంటాడు. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు, ఒకే కాగితం చూశారు.

కాబట్టి బెంజ్ కొనలేదు కదా అని మమ్మల్ని మెచ్చుకోకండి. మా సాదాతనం మీ మెప్పు కోసం కాదు. రేపు రొక్కం చేతిలో ఉండి, మనసు ఒప్పుకుంటే కొంటామేమో. ఆ రోజు మా ఇంటి ముందు నిలబడి "బండెవరిది?" అని అడగకండి. ఎంతకు కొన్నారు, మైలేజీ ఎంత ఇస్తోంది అని అడగండి. అందర్నీ అడిగినట్టే.